నాన్నగారి మోకాలికి చోటు, అమ్మగారి పాదాలకు ఆసరా

ప్రశ్న: నమస్కారమండి. మాది హనుమకొండ. మా అక్క అమెరికాలో రాలీ పక్కన కేరీలో ఉంటుంది. వచ్చే నెలలో డెలివరీ. అమ్మానాన్న మొదటిసారి విమానం ఎక్కబోతున్నారు. హైదరాబాద్ నుంచి దోహా, దోహా నుంచి డాలస్, అక్కడి నుంచి రాలీ. నాన్నకి 64 ఏళ్లు, ఎత్తు 5 అడుగుల 11 అంగుళాలు. ఏడాదిన్నర కిందట కుడి మోకాలు మార్పిడి ఆపరేషన్ అయింది. బాగానే నడుస్తారు కానీ ఎక్కువసేపు కాలు ముడుచుకుని కూర్చుంటే బిగుసుకుపోతుంది. అమ్మకి 59, ఎత్తు 4 అడుగుల 11 అంగుళాలు. బీపీ మాత్రలు వాడుతుంది. బస్సులో హైదరాబాద్ వెళ్లొచ్చినా పాదాలు వాస్తాయి. ఇద్దరికీ వీల్‌చైర్ పెట్టించాం. సీట్లు ఎంచుకోబోతే 'ఎక్స్‌ట్రా లెగ్‌రూమ్' అని ఒక్కో విమానానికీ ఒక్కో మనిషికీ విడివిడిగా డబ్బు చూపిస్తోంది. అన్నీ కలిపితే 50 వేలు దాటుతోంది. అమెరికా లోపలి విమానంలో అయితే ముందుగా ఎక్కనిస్తామని, డ్రింక్స్ ఫ్రీ అని కూడా రాశారు. ఫ్రెండ్స్ ఎమర్జెన్సీ ఎగ్జిట్ దగ్గర తీసుకో, కాళ్లు బార్లా చాపుకోవచ్చు అంటున్నారు. అక్కేమో డబ్బు చూడకు, ఇద్దరికీ తీసెయ్ అంటోంది. ఏం చేయమంటారు?

సమాధానం: ఇద్దరికీ, మూడు విమానాలకీ తీయొద్దు. తీస్తే ఒకే ఒక్క సీటు తీయండి. అది దోహా–డాలస్ విమానంలో, నాన్నగారికి. అదీ ఇంట్లో ఒక చిన్న పరీక్ష చేసి చూశాకే. ఎమర్జెన్సీ ఎగ్జిట్ మాట మాత్రం పూర్తిగా మర్చిపోండి. ఎందుకో చెప్తాను.

ముందు ఆ పరీక్ష. విమాన సంస్థలు సీట్ల మధ్య దూరాన్ని 'పిచ్' అంటాయి. ఒక సీటు వీపు నుంచి ముందు సీటు వీపు దాకా ఉండే కొలత అది. దూర ప్రయాణాల ఎకానమీలో మామూలుగా 31, 32 అంగుళాలు ఉంటుంది. ఎక్స్‌ట్రా లెగ్‌రూమ్ అంటే చాలా చోట్ల 34 నుంచి మొదలు. అంటే మీరు డబ్బు పెట్టి కొనేది కొన్నిసార్లు మూడే మూడు అంగుళాలు. మూడు అంగుళాలే కదా అని తీసిపారేయకండి. అదే నాన్నగారి మోకాలు ముందు సీటుకి తగలడానికీ తగలకపోవడానికీ మధ్య తేడా కావచ్చు, లేదా ఆయనకి అసలు అవసరమే లేకపోవచ్చు. వెబ్‌సైట్‌లో బొమ్మ చూస్తే ఇది తేలదు.

మీ ఇంట్లో రెండు డైనింగ్ కుర్చీలు తీసుకోండి. సినిమా హాల్లోలా ఒకదాని వెనక ఒకటి వేయండి. టేపు పట్టి ముందు కుర్చీ వీపు వెనక అంచుకీ, వెనక కుర్చీ వీపు వెనక అంచుకీ మధ్య సరిగ్గా 31 అంగుళాలు వచ్చేలా జరపండి. నాన్నగారిని వెనక కుర్చీలో నడుము ఆనించి కూర్చోమనండి. ముందు కుర్చీలో మీరు కూర్చోండి, లేకపోతే అది జరిగిపోతుంది. అరగంట సేపు ఆయన్ని పేపరు చదువుకోనివ్వండి. ఆ తర్వాత 34 అంగుళాలకి జరిపి మరో అరగంట. మొదటి అరగంటలో ఆయన కుడి పాదాన్ని ఎన్నిసార్లు పక్కకి తీశారో గమనించండి. నోటితో ఆయన 'బాగానే ఉందిరా' అనే అంటారు. మన నాన్నలందరూ అంతే. పాదం మాత్రం అబద్ధం చెప్పదు. విమానం సీటుకీ డైనింగ్ కుర్చీకీ తేడా ఉంటుంది, నిజమే. ఈ కొలత ఉజ్జాయింపే. అయినా ఏమీ తెలియకుండా వేలకు వేలు పెట్టడం కంటే ఇది ఎంతో నయం.

ఇప్పుడు అమ్మగారి సంగతి. అక్క ప్రేమతోనే ఇద్దరికీ తీయమంటోంది కానీ, అమ్మగారికి కావలసింది ముందువైపు చోటు కాదు. 4 అడుగుల 11 అంగుళాల మనిషికి మోకాలి ముందు మామూలు సీట్లో కూడా చోటు మిగిలిపోతుంది. ఆమె కష్టం కింద ఉంటుంది. విమానం సీట్లు సగటు ఎత్తున్న మనిషికి తగ్గట్టు చేస్తారు. పొట్టిగా ఉన్నవాళ్లు నడుము ఆనించి కూర్చుంటే పాదాలు నేలకి పూర్తిగా ఆనవు, మడమలు గాల్లో ఉంటాయి. సీటు అంచు తొడ కింద, మోకాలి వెనక నొక్కుతుంది. అక్కడి నుంచే రక్తం పైకి వెళ్లాలి. బస్సులో పాదాలు వాస్తున్నాయన్నారే, ఒకసారి ఆమె బస్సు సీట్లో ఎలా కూర్చుంటారో చూడండి. సీటు అంచుకి జరిగి కూర్చోవడమో, ముందున్న కడ్డీ మీద పాదాలు పెట్టుకోవడమో చేస్తూ ఉంటారు.

దీన్ని డాక్టర్లు కూడా గుర్తించారు. విమాన ప్రయాణంలో కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టడం మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ చేయించిన పరిశోధన 2007లో వచ్చింది. నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చుంటే ఆ ప్రమాదం దాదాపు రెట్టింపవుతుందని అందులో తేలింది. రెట్టింపు అనగానే కంగారు పడకండి. మామూలు ఆరోగ్యం ఉన్నవాళ్లలో అది సుమారు 6,000 మందిలో ఒకరికి. అయితే ఎవరికి ఎక్కువో చెప్తూ 1.9 మీటర్లకు మించిన పొడగరులతో పాటు 1.6 మీటర్ల కంటే పొట్టివాళ్లను కూడా చేర్చారు. అమ్మగారు సుమారు 1.5 మీటర్లు. అంటే ఆ పరిశోధన లెక్కలో జాగ్రత్త పడాల్సింది నాన్నగారికంటే అమ్మగారే. కానీ మనం కాళ్లు పొడుగున్న మనిషి గురించే ఆలోచిస్తాం.

ఆమెకి కావలసింది పాదాల కింద ఎత్తు. ఒక మెత్తటి చేసంచిలో శాలువా, ఒక జత బట్టలు మడిచి పెట్టి ముందు సీటు కింద ఉంచండి. విమానం పైకి లేచి బెల్టు లైటు ఆరిపోయాక కాళ్ల కిందికి లాక్కుని పాదాలు రెండూ దాని మీద పూర్తిగా ఆనించుకోమనండి. దిగే ముందు మళ్లీ ముందుకు తోసెయ్యాలి. దీనికి పైసా ఖర్చు లేదు. గమనించారా, ఇది ముందు సీటు ఉన్న మామూలు వరుసలోనే కుదురుతుంది. ముందు గోడ ఉండే మొదటి వరుసలో ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు కింద సంచి ఉంచనివ్వరు, పైన పెట్టేయాలి. అంటే డబ్బు ఎక్కువ పెట్టి కొన్న సీటు అమ్మగారికి మామూలు సీటు కంటే ఇబ్బందిగా ఉంటుంది.

రెండోది, ఆమె మాటిమాటికీ లేవగలగాలి. దీనికి నడవ పక్క సీటు ఉండి తీరాలి. అమెరికాలోని ఛాతీ వైద్యుల సంఘం 2012లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, ఎకానమీలో కూర్చోవడం వల్లే రక్తం గడ్డకడుతుందనడానికి ఆధారం లేదని, కిటికీ పక్క కూర్చుని లేవకుండా ఉండిపోయేవాళ్లకే ముప్పు ఎక్కువని చెప్పారు. మన అమ్మల విషయంలో ఇది ఇంకా నిజం. పక్కన నిద్రపోతున్న పరాయి మనిషిని లేపడం ఇష్టం లేక బాత్రూమ్‌కి వెళ్లరు. వెళ్లాల్సి వస్తుందని నీళ్లు తాగరు. 16 గంటల విమానంలో అలా కూర్చుంటే పాదాలు వాచకుండా ఎలా ఉంటాయి? కిటికీ సీటు బాగుంటుంది, మబ్బులు కనిపిస్తాయి అని ఎవరైనా అంటే, హైదరాబాద్–దోహా విమానంలో ఇప్పించండి. ఆ నాలుగైదు గంటలు చాలు. మేజోళ్ల గురించి కూడా ఒక మాట. మోకాలి కింద దాకా ఉండే, కాలిని బిగుతుగా పట్టి ఉంచే కంప్రెషన్ మేజోళ్లు ఇద్దరికీ పనికొస్తాయి. అయితే బీపీ మందులు రాసే డాక్టరునూ, మోకాలి సర్జన్‌నూ ఒకసారి అడిగి సైజు కొలిపించి కొనండి. రక్తం పలచబడుతుందని ఎవరో చెప్పారని ఆస్పిరిన్ మాత్రం సొంతంగా వేయించకండి.

ఇక ఎమర్జెన్సీ ఎగ్జిట్. మీ ఫ్రెండ్స్ చెప్పింది నిజమే, కాళ్లు నిజంగానే బార్లా చాపుకోవచ్చు. కానీ ఆ చోటు అక్కడ ఉన్నది ప్రమాదంలో జనం బయటికి పరుగెత్తడానికి. అందుకే అక్కడ కూర్చునేవాళ్లకి నియమాలున్నాయి. అమెరికా నియమాల ప్రకారం కనీసం 15 ఏళ్లుండాలి, తలుపు తీయగల బలం, చురుకు ఉండాలి, సిబ్బంది చెప్పే భాష అర్థం కావాలి, తాము చూసుకోవాల్సిన మనిషి వెంట ఉండకూడదు. మిగతా దేశాల సంస్థలదీ ఇంచుమించు ఇదే పద్ధతి. వీల్‌చైర్ పెట్టించుకున్న ప్రయాణికుల్ని ఆ వరుసలో కూర్చోనివ్వరు. బుకింగ్‌లో ఒకవైపు వీల్‌చైర్, మరోవైపు ఎగ్జిట్ సీటు కనిపిస్తే కౌంటర్‌లోనే మార్చేస్తారు.

ఇది నేను పడిన కష్టం, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను. కొన్నేళ్ల కిందట మా మామయ్యగారిని అమెరికా పంపేటప్పుడు, ఆయన పొడగరి అని ఎగ్జిట్ వరుసలో సీటు కొన్నాం. భాష రాదు, ఎక్కడా తప్పిపోకూడదని వీల్‌చైర్ కూడా పెట్టించాం. వెబ్‌సైట్ రెండింటికీ డబ్బు, వివరాలు తీసుకుని ఏమీ అనలేదు. శంషాబాద్‌లో తెల్లవారుజామున కౌంటర్ దగ్గర అమ్మాయి బోర్డింగ్ పాస్ చూసి, 'సార్ అక్కడ కూర్చోకూడదు' అని వేరే కార్డు ప్రింట్ చేసి ఇచ్చింది. అప్పటికి మంచి సీట్లన్నీ అయిపోయాయి. చివరి వరుసల్లో, మధ్య సీటు. ఆయన మమ్మల్ని ఏమీ అనలేదు. కార్డు జేబులో పెట్టుకుని 'ఫర్వాలేదులేమ్మా' అని వీల్‌చైర్‌లో వెనక్కి చూస్తూ వెళ్లిపోయారు. ఆ వెనక్కి చూసిన చూపు నాకు ఇంకా గుర్తుంది. సీటు డబ్బులు వెనక్కి రావడానికి రెండు నెలలు ఈమెయిళ్లు రాశాం.

వీల్‌చైర్ మానేసి ఎగ్జిట్ సీటు తీసుకోవచ్చా అని మీకు అనిపించవచ్చు. వద్దండి. దోహాలో విమానం మారాలి, డాలస్‌లో ఇమిగ్రేషన్ లైన్లో నిలబడాలి, అక్కడ సామాను తీసుకుని మళ్లీ ఇచ్చి రాలీ విమానం దగ్గరికి వెళ్లాలి. మొదటిసారి వెళ్తున్న ఇద్దరికి వీల్‌చైర్ తోసే మనిషి దారి చూపించేవాడు కూడా. పైగా మోకాలు మార్చిన కాలుతో గంటసేపు లైన్లో నిలబడటం 16 గంటలు కూర్చోవడం కంటే తేలికేమీ కాదు.

మరి మిగిలింది ముందు గోడ ఉండే వరుస. బల్క్‌హెడ్ అంటారు. గల్ఫ్ సంస్థల ఎకానమీలో ఎక్స్‌ట్రా లెగ్‌రూమ్ అని అమ్మేవి ఎక్కువగా ఈ వరుసా, ఎగ్జిట్ వరుసే. ఇక్కడ వీల్‌చైర్ వాళ్లు కూర్చోవచ్చు. ముందు సీటు వెనక్కి వాలి మోకాలి మీదికి రాదు. నాన్నగారికి పెద్ద లాభం అదే. నష్టాలు కూడా తెలుసుకోండి. పసిపిల్లల తొట్టి బిగించేది ఆ గోడకే, కాబట్టి పక్కన ఏడ్చే పాప ఉండొచ్చు. భోజనం పళ్లెం పెట్టుకునే బల్ల చేతిపట్టెలో ఉంటుంది, అందువల్ల చేతిపట్టె పైకి లేవదు, సీటు కాస్త ఇరుకనిపిస్తుంది. వెడల్పు పెరగదన్న మాట గుర్తుంచుకోండి, ఎక్స్‌ట్రా లెగ్‌రూమ్ అంటే పొడుగే. వెడల్పాటి సీటు, కాలికి ఆసరా కావాలంటే అది ప్రీమియం ఎకానమీ, ధర వేరు. ఇంకో సంగతి, కొన్ని విమానాల్లో ఆ గోడ మరీ దగ్గరగా ఉంటుంది. మోకాలికి చోటుంటుంది కానీ కాలు పూర్తిగా చాపితే పాదం గోడకి తగులుతుంది. కొనే ముందు విమాన సంస్థకి ఫోన్ చేసి, ఈ సీట్లో 5 అడుగుల 11 అంగుళాల మనిషి కాలు నిటారుగా చాపగలడా అని అడగండి.

సరిగ్గా ఏ సీటు? ఇక్కడ అక్షరాల సంగతి చెప్పాలి. పెద్ద విమానాల్లో చాలావాటిలో వరుసకి మూడు, నాలుగు, మూడు చొప్పున సీట్లుంటాయి. ఎడమ నుంచి ఎ, బి, సి, తర్వాత నడవ. డి, ఇ, ఎఫ్, జి, మళ్లీ నడవ. హెచ్, జె, కె. నాన్నగారిది కుడి మోకాలు. ముందుకు తిరిగి కూర్చున్నప్పుడు నడవ ఆయన కుడిచేతి వైపు ఉండాలి, అప్పుడే బిగుసుకున్న కాలిని అటు కాసేపు చాపుకోగలరు. అంటే సి గానీ జి గానీ. డి, హెచ్ కూడా నడవ పక్కవే కానీ అక్కడ నడవ ఎడమవైపు ఉంటుంది, ఆయనకి పనికిరావు. ఎడమ మోకాలు అయిన వాళ్లకి ఇదే తిరగేసి చూసుకోవాలి. నడవలో కాలు చాపినప్పుడు ఒక్క జాగ్రత్త, భోజనం బండి బరువుగా ఉంటుంది, తోసేవాళ్లకి కింద పాదం కనిపించదు. బండి వచ్చే వేళ కాలు లోపలికి తీసుకోవాలని, ఆ కాలు అటు పెట్టి నిద్రపోవద్దని నాన్నగారికి గట్టిగా చెప్పండి.

కుర్చీల పరీక్షలో ఆయన 31 అంగుళాల్లో సర్దుకోగలిగితే, నేనైతే ఏ ఎక్స్‌ట్రా సీటూ కొనను. ఒకే వరుసలో ఆయనకి సి, అమ్మగారికి డి తీసుకుంటాను. మధ్యలో నడవ మాత్రమే. ఇద్దరూ ఎవర్నీ లేపకుండా లేవొచ్చు, చెయ్యి చాపితే మాత్ర అందించుకోవచ్చు, మాట్లాడుకోవచ్చు. మొదటిసారి విమానం ఎక్కే ఇద్దరికి ఇంతకంటే మంచి ఏర్పాటు నాకు తెలియదు. 31లో ఆయన కాలు నిలవకపోతే, ఆయనకి మొదటి వరుసలో సి, అమ్మగారికి సరిగ్గా ఆయన వెనక సీటు. ఆమె ముందు ఉండే సీటు ఆయనదే కాబట్టి వెనక్కి వాల్చేటప్పుడు చూసుకుంటారు. ఈ అక్షరాలు విమానాన్ని బట్టి మారతాయి, మీ బుకింగ్‌లోని సీట్ల పటం చూసి సరిచూసుకోండి.

డాలస్–రాలీ విమానంలో చెప్పిన అదనపు సౌకర్యాల సంగతి. అమెరికా సంస్థల తీరు వేరు. అక్కడ ఎక్స్‌ట్రా లెగ్‌రూమ్ వరుసలకి ప్రత్యేకంగా పేర్లు పెట్టి అమ్ముతారు. యునైటెడ్ వాళ్ల 'ఎకానమీ ప్లస్' అంటే ముఖ్యంగా కాళ్లకి చోటే. డెల్టా 'కంఫర్ట్'లో ముందుగా ఎక్కడం, సామానుకి పైన ప్రత్యేకంగా అర, స్నాక్స్, మద్యం కలుపుతారు. జెట్‌బ్లూ కూడా 2025 నుంచి తన 'ఈవెన్‌మోర్' సీట్లకి ఇలాంటివే జోడించింది. అమెరికన్ ఎయిర్‌లైన్స్ 'మెయిన్ క్యాబిన్ ఎక్స్‌ట్రా'లోనూ ముందుగా ఎక్కడం, ఉచిత మద్యం ఉన్నాయి. నెలకి నాలుగుసార్లు బ్యాగుతో తిరిగే ఉద్యోగికి ఇవి నిజంగా విలువైనవి. మీ అమ్మానాన్నలకి? 'డ్రింక్స్ ఫ్రీ' అంటే అక్కడ బీరు, వైను, విస్కీ. కాఫీ, జ్యూసు, నీళ్లు మామూలు సీట్లో కూడా ఊరికే ఇస్తారు. ముందుగా ఎక్కడం మాటకొస్తే, ఆరోగ్య కారణంగా ఎక్కడానికి ఎక్కువ సమయం కావాలని గేటు దగ్గర చెప్పిన ప్రయాణికుల్ని అందరికంటే ముందు ఎక్కించాలని అమెరికా నియమమే ఉంది. వీల్‌చైర్‌లో ఉన్న ఇద్దరికీ అది డబ్బు లేకుండానే వస్తుంది. మూడు గంటల లోపు విమానానికి కొనాల్సిందేమీ కనిపించడం లేదు.

అమ్మగారికి నిజంగా పనికొచ్చే సౌకర్యం ఒకటుంది, అదీ ఉచితమే. ఆమె శాకాహారి అయితే బుకింగ్‌లో 'ఏషియన్ వెజిటేరియన్ మీల్' పెట్టించండి. కనీసం 24 గంటల ముందు చెప్పాలి. 'హిందూ మీల్' అని కనిపిస్తే శాకాహారం అనుకోకండి, అందులో సాధారణంగా చికెనో చేపో మటనో ఉంటుంది. పేరు చూసి మోసపోయి 16 గంటలు బ్రెడ్డుతో గడిపిన అమ్మలు చాలామంది ఉన్నారు. ప్రత్యేక భోజనాల్ని సాధారణంగా బండి రాకముందే తెచ్చి ఇస్తారు, కాబట్టి మాత్ర వేసుకునేవాళ్లకి అదో వీలు.

నాన్నగారి కాలు ఎంత వరకు ముడుచుకుంటుందో సర్జన్‌ని అడిగి తెలుసుకోండి. అసలు ముడవలేని కాలు, లేదా కదలకుండా కట్టు వేసిన కాలు ఉన్న ప్రయాణికులకి ముందు గోడ వరుసో, ఎక్కువ చోటున్న వేరే సీటో, కాలికి అనువైన నడవ వైపే ఇవ్వాలని అమెరికా రవాణా శాఖ నియమం ఉంది. అమెరికాకి వచ్చే విదేశీ విమానాలకీ అది వర్తిస్తుంది. మీరు రాసినదాన్ని బట్టి ఆయనది ఆ కోవ కాదు, ముడుస్తారు, బిగుసుకుంటుంది అంతే. లేనిది ఉన్నట్టు చెప్పి అడగకండి. ఇది చదివే మరెవరికైనా ఇంట్లో అలాంటి కాలు ఉంటే మాత్రం డబ్బు కట్టే ముందు సంస్థకి ఫోన్ చేసి, డాక్టరు రాసిన కాగితం చూపించి అడగండి. అది మీ హక్కు.

సీటు కొంటే దాని రసీదు టికెట్ రసీదుకి వేరుగా వస్తుంది. దాన్ని ప్రింట్ తీసి నాన్నగారి పాస్‌పోర్ట్ కవర్లో పెట్టండి. సంస్థ ఆ రోజు నడిపే విమానాన్ని మారిస్తే సీటు నంబర్లు మారిపోతాయి, కాబట్టి వారానికోసారి బుకింగ్ తెరిచి చూడండి, ప్రయాణం ముందురోజు తప్పకుండా. డబ్బు కట్టిన సీటు సంస్థ ఇవ్వలేకపోతే ఆ రుసుము తిరిగి ఇవ్వాలని 2024లో అమెరికా నియమం వచ్చింది. అక్కడికి వెళ్లే విమానాలకీ ఇది వర్తిస్తుంది. మీరే సీటు మార్చుకుంటే మాత్రం డబ్బు రాకపోవచ్చు.

ఈ ఆదివారం కుర్చీలు వేయండి. నాన్నగారికి కొలత చూశాక అమ్మగారిని కూడా అదే కుర్చీలో కూర్చోబెట్టి, పాదాల కింద ఏ సంచి ఎంత ఎత్తుంటే మడమలు ఆనుతున్నాయో చూసి, ఆ సంచినే విమానానికి సర్దండి.